గొర్రు మీద మనిషి నిలబడకూడదు

నారుమడి పోసుకుని కాలువ నీటి కోసం ఎదురుచూసే ఓపిక శివారు రైతుకు తగ్గిపోతోంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయ దాటి దివిసీమలోకి రావాలి. అవనిగడ్డ, కోడూరు చేలు తడిపి హంసలదీవి పిల్లకాలువల్లోకి జారేసరికి ఎగువన నాట్లు ముగింపుకొస్తాయి. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు కృష్ణా డెల్టాకు తోడైంది. అయినా శివారు శివారుగానే ఉంది. బోరు వేద్దామంటే పక్కనే సముద్రం, పడేది ఉప్పునీరు.

అందుకే తొలకరి పదునులో పొడి విత్తనం వెదపెట్టి, కాలువ వచ్చాక నీరు కట్టుకునే సేద్యానికి మన రైతులు చాలామంది మళ్లారు. నారు, దమ్ము, నాటు ఖర్చు తప్పుతుంది. నీరు ఆలస్యమైనా పైరు నేలమీద ఉంటుంది. నాటు కూలి మీద బతికే ఆడకూలీలకు పనిదినాలు తగ్గుతున్న మాట నిజమే, దాని మీద సంఘం విడిగా చర్చించాలి. ఈ సంచికలో మాత్రం విత్తే యంత్రం గురించి, దాని దగ్గర పనిచేసే మనిషి గురించి చెప్పదలిచాం.

గొర్రు మెట్ట రైతుకు తాతలనాటి పనిముట్టు. జడ్డిగంలో గింజలు వదులుతూ ఆడవాళ్లు ఎద్దుల వెనకే నడిచేవారు. మాగాణి రైతుకు దానితో పరిచయం తక్కువ. ఇప్పుడు ఆ గొర్రు ఇనుపదై, ట్రాక్టరు వెనక తగులుకుని, సీడ్ డ్రిల్ పేరుతో మన చేలోకి వచ్చింది. ఆగమంటే ఎద్దులు ఆగేవి. ట్రాక్టరు చప్పుడులో వెనక మనిషి కేక డ్రైవరుకు వినపడదు.

జూన్, జూలై నెలల్లో ఏ ఊరి చేలో చూసినా ఒకే తీరు. డ్రైవరు సీటులో ఉంటాడు, విత్తనాల పెట్టె వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు. గొట్టాల్లోంచి గింజ పడుతోందో లేదో చూడడం అతని పని. నేల గట్టిగా ఉంటే కర్రులు దిగడానికి బరువు కావాలని ఇంకొకరిని కూడా ఎక్కిస్తారు. గట్టు దగ్గర కుదుపుకు అతను ముందుకు పడితే ట్రాక్టరు టైరుకూ కర్రులకూ మధ్య పడతాడు. ట్రాక్టరుకు ఉన్నది ఒక్క సీటు. ప్రమాదం జరిగాక బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: ఆ మనిషి అక్కడెందుకున్నాడు?

మేం చెప్పేది ఒక్కటే. చేలో దిగే ముందు అరగంట సేపు గొర్రును సరిచేసుకుంటే దాని మీద మనిషి అవసరం ఉండదు. ఆ అరగంట అద్దె ఎవరు భరించాలన్న దగ్గరే పేచీ వస్తోంది. ముందు ఆ అరగంటలో చేయాల్సిన పని చెప్పుకుందాం.

తగిలించడం

చదునైన గట్టి నేల మీద గొర్రును తగిలించాలి. డ్రైవరు ట్రాక్టరును వెనక్కి తెస్తున్నప్పుడు ట్రాక్టరుకూ గొర్రుకూ మధ్య ఎవరూ ఉండకూడదు. బండి ఆగి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేశాకే మనిషి దగ్గరకు రావాలి. ముందు కింది రెండు చేతులు, తర్వాత టాప్ లింక్. ప్రతి పిన్నుకూ దాని లించ్ పిన్ ఉండాలి. మేకో, కట్టుతీగో పెట్టి సరిపెట్టుకుంటే గట్టు ఎక్కేటప్పుడు ఊడుతుంది. పక్కలకు ఊగకుండా ఉండే గొలుసులు బిగించాలి.

పక్కనుంచి చూస్తే గొర్రు ముందుకు గానీ వెనక్కు గానీ వాలకూడదు. వాలితే టాప్ లింక్ తిప్పి సరిచేయాలి. వెనకనుంచి చూస్తే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్క దిగిపోయిన గొర్రు అటువైపు గింజను లోతుగా పాతేస్తుంది, ఇటువైపు పైనే వదిలేస్తుంది. అన్ని కర్రుల మొనలూ ఒకేసారి నేలను తాకుతున్నాయో లేదో, సాళ్ల మధ్య దూరం సమానంగా ఉందో లేదో టేపుతో చూసుకోవాలి.

ఆ తర్వాత గొట్టాలు. పోయినేడు పని అయ్యాక మూలన పడేసిన గొర్రు గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ఎరువు పెట్టెలో మిగిలిన డీఏపీ గడ్డకట్టి ఉంటుంది. మన ఉప్పుగాలికి గింజ వదిలే రోలర్లు తుప్పు పడతాయి. ప్రతి గొట్టంలోకీ కర్ర దూర్చి శుభ్రం చేయాలి, గొలుసుకు నూనె వేయాలి, గొలుసు మీది రేకు మూత తిరిగి బిగించాలి. వెనక నిలబడ్డ మనిషి చేలో వెతికేది ఈ గొట్టాల లోపాలనే. వాటిని కల్లంలోనే తీసేస్తే అతనికి అక్కడ పని ఉండదు.

సెంటు లెక్క

ఎకరాకు ఎంత విత్తనం పడుతుందో చేలో దిగాక తెలుసుకుంటే లాభం లేదు. ముందే చూసుకోవడానికి సులువైన లెక్క ఉంది. ఎకరాకు 100 సెంట్లు. సెంటు అంటే దాదాపు 40.5 చదరపు మీటర్లు. గొర్రు ఎంత వెడల్పు విత్తుతుందో ఆ అంకెతో 40.5ను భాగిస్తే, సెంటు విత్తడానికి బండి ఎన్ని మీటర్లు నడవాలో వస్తుంది.

సాళ్ల మధ్య 20 సెంటీమీటర్లున్న తొమ్మిది సాళ్ల గొర్రు తీసుకోండి. దాని వెడల్పు 1.8 మీటర్లు. అంటే 22.5 మీటర్లు నడిస్తే సెంటు అవుతుంది. చదును నేల మీద 22.5 మీటర్లకు రెండు గుర్తులు పెట్టాలి. ప్రతి గొట్టానికీ చిన్న సంచి కట్టి, కర్రులు నేలలో దిగకుండా, గొర్రు చక్రం మాత్రం నేలను తాకి తిరిగేలా దించి, మెల్లగా అంతదూరం నడపాలి. ఎకరాకు 15 కిలోలు వేయదలిస్తే సెంటుకు 150 గ్రాములు పడాలి. సంచులన్నీ కలిపి తూచండి. ఎక్కువ పడితే మీట తగ్గించాలి, తక్కువ పడితే పెంచాలి, మళ్లీ నడపాలి. తర్వాత ఒక్కో సంచినీ విడిగా తూచండి. తొమ్మిదింటిలోనూ పదహారు, పదిహేడు గ్రాముల చొప్పున ఉంటే గొర్రు సమానంగా వదులుతున్నట్టు. ఏదో ఒక సంచి తేలిగ్గా ఉంటే ఆ గొట్టంలోనో, దాని రోలరులోనో లోపం ఉంది.

విత్తనం మారితే లెక్క మళ్లీ చూసుకోవాలి. బీపీటీ 5204 లాంటి సన్నగింజ జారినట్టు లావుగింజ జారదు. మందు పట్టించిన విత్తనం ఇంకొక తీరుగా జారుతుంది కాబట్టి మందు పట్టించి, ఆరాకే తూచాలి. ఆ విత్తనాన్ని చేతి తొడుగులతోనే తాకాలి. మిగిలినదాన్ని కోళ్లకు వేయకూడదు, బియ్యం పట్టించకూడదు.

చేలో

రేగడి నేల కర్రుకు అంటుకుంటుంటే పదును ఎక్కువగా ఉన్నట్టు. ఇంకో పూట ఆగాలి. ఆగకుండా దిగితే గొట్టాల మూతులు మట్టితో పూడి, మళ్లీ మనిషిని వెనక ఎక్కించాల్సి వస్తుంది. గింజ వేలి కణుపు లోతులో పడితే చాలు. మనిషి నడిచే వేగం కన్నా బండి కాస్త ఎక్కువ పోవచ్చు, అంతకు మించితే గింజ చెదురుతుంది. నాలుగు సాళ్లకొకసారి బండి ఆపి, దిగి, మట్టి తవ్వి చూడాలి. కర్రులు దిగకపోతే పెట్టె మీద ఇసుక బస్తా కట్టండి, మనిషిని మాత్రం ఎక్కించవద్దు.

మలుపు దగ్గర ముందు గొర్రును లేపి, ఆ తర్వాతే తిప్పాలి. కర్రులు నేలలో ఉండగా బండిని వెనక్కి నడిపితే తొమ్మిది గొట్టాలూ ఒకేసారి పూడతాయి.

గొట్టం పూడితే ఏం చేయాలో డ్రైవరుకూ కూలీకీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఎత్తిన గొర్రు కింద చేయి పెట్టడం ఆత్మహత్యతో సమానం. హైడ్రాలిక్ పట్టు వదిలినా, ఎవరి చేయైనా లివరుకు తగిలినా అంత ఇనుమూ ఒక్కసారిగా కిందకు వస్తుంది. గొర్రును లేపి, కింద గట్టి కొయ్య దిమ్మలు పెట్టి, వాటి మీదకు దించాలి. ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకోవాలి. మట్టిని కర్రతో తీయాలి, వేళ్లతో కాదు. విత్తనం పోసేటప్పుడు కూడా గొర్రు నేలమీద, ఇంజను ఆగి ఉండాలి.

మన చేలకు ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క మురుగుకాలువ ఉంటాయి. తొలకరికి నానిన గట్టు పైకి గట్టిగా కనిపించినా టైరు బరువుకు జారిపోతుంది. కాలువ ఎంత లోతో, దాని అంచుకు కనీసం అంత దూరంలో టైరు ఉండాలి. ఆ చివరి రెండు సాళ్ల జాగాలో చేత్తో చల్లుకుందాం, పోయేదేమీ లేదు. గట్టు దాటేటప్పుడు పారతో వాలు చెక్కి, తక్కువ గేరులో నిటారుగా దాటాలి. నిండు పెట్టెతో గొర్రును ఎత్తితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలతాయి. అందుకే విత్తనం చేలోకి వెళ్లాకే పోసుకోవాలి. కరకట్ట రోడ్డు మీద చీకటి పడ్డాక వెళ్లేటప్పుడు గొర్రు వెనక దీపాలను కప్పేస్తుంది. గొర్రుకు ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించాలి.

వరి కోశాక మొక్కజొన్న వేసేవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. ఏటి అవతల తెనాలి ప్రాంతంలో దున్నకుండానే మొక్కజొన్న విత్తడం ఏళ్లుగా నడుస్తోంది, మనవైపూ ప్లాంటర్లు అద్దెకు వస్తున్నాయి. గాలితో గింజ పట్టే ప్లాంటరు పీటీవో షాఫ్టుతో తిరుగుతుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు లేకపోతే ఆ యంత్రాన్ని చేలోకి రానివ్వకండి. తువ్వాలు కొస, లుంగీ అంచు, పైట చెంగు, ఏది చుట్టుకున్నా విడిపించుకునే లోపే మనిషిని లాగేస్తుంది.

ఈ అరగంట ఎవరిది?

ఇవేవీ తెలియనివి కావని అనుభవమున్న డ్రైవర్లు అంటారు. నిజమే. తెలిసీ చేయకపోవడానికి కారణం అద్దె. గంట లెక్కన మాట్లాడుకుంటే రైతు తొందరపెడతాడు, బండి ఆగిన ప్రతి నిమిషం అతని జేబులోంచే పోతుంది. ఎకరం లెక్కన మాట్లాడుకుంటే డ్రైవరు తొందరపడతాడు, పదును ఆరేలోగా పది చేలు తిరగాలి. ఏ లెక్కయినా ఆగి చూసుకోవడం నష్టమే అవుతుంది. ఆ నష్టం తప్పించుకోవడానికి రోజుకూలీని పెట్టె వెనక నిలబెడుతున్నాం. రైతుకూ బండి యజమానికీ తెగని పేచీని కూలీ తన ప్రాణంతో తీరుస్తున్నాడు. దీన్ని సంఘం ఒప్పుకోకూడదు.

కాబట్టి ప్రతి గ్రామ శాఖా తొలకరికి ముందే రైతుల్ని, కౌలుదార్లని, గొర్రు యజమానుల్ని, డ్రైవర్లని, కూలీలని కూర్చోబెట్టి ఈ మాటలు తేల్చాలి. సర్దుబాటు అరగంటకు అద్దె చెరి సగం. చేలో పూడిక తీసే సమయానికి మీటరు ఆగాలి. టేపు, త్రాసు, కొయ్య దిమ్మలు గొర్రుతోపాటే రావాలి. మనిషి ఎక్కితే బండి కదలదని డ్రైవరు చెప్పగలగాలి, చెప్పినందుకు అతనికి పని పోకూడదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ట్రాక్టర్లు, సేద్యపు యంత్రాలు నడపడంలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలోనే అనంతపురం దగ్గర గార్లదిన్నెలో ఉంది. హంసలదీవి డ్రైవరు పని మానుకుని రాష్ట్రం ఆ చివరకు వెళ్లలేడు. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ ఏటా మే నెలలో డ్రైవర్లకు, కూలీలకు శిక్షణ పెట్టాలి, హాజరైన రోజుకు కూలి ఇవ్వాలి. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి గొర్రుకూ రక్షణ తొడుగులు, తెలుగులో రాసిన వాడకపు పుస్తకం ఉంటేనే బిల్లు చెల్లించాలి. రైతు సేవా కేంద్రాల ద్వారా ఇచ్చే యంత్రాలు కౌలు రైతు సంఘాలకూ అందాలి.

ధాన్యం నూర్చే యంత్రాల్లో చేతులు తెగిపోతుంటే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. విత్తే యంత్రాల దగ్గర మనిషికీ అలాంటి రక్షణ కావాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం ట్రాక్టర్లతో సాగే సేద్యంలో పనిచేసేవారిని తన జాబితాలో చేర్చింది. కార్మిక చట్టాలు కోడ్‌లుగా మారుతున్న ఈ కాలంలో ఆ హక్కు కాగితం మీద మిగిలిపోకుండా పొలం కూలీ దాకా రావాలి. ప్రమాదం జరిగిన రోజే గ్రామ శాఖ ఫిర్యాదు రాయించాలి, ఆసుపత్రి కాగితాలు భద్రపరచాలి.

అన్నిటికన్నా ముందు, కాలువ నీరు శివారుకు ఏ తేదీకి చేరుతుందో జలవనరుల శాఖ తొలకరికి ముందే చెప్పాలి, చెప్పిన తేదీకి ఇవ్వాలి. పదును పోతుందన్న భయమే ఈ తొందరకు మూలం. నీటి తేదీ కోసం పోరాటం సాగిద్దాం. అద్దె మాట మాత్రం మన చేతిలో ఉంది. దాన్ని వచ్చే గ్రామ సభలోనే తేల్చి, తీర్మానం కాపీని మండల కమిటీకి పంపాలని శాఖలన్నిటినీ కోరుతున్నాం.