గొడవల్లేని ఊరి చరిత్ర

ఊరి చరిత్ర రాస్తామని ఎవరైనా ముందుకొస్తే పెద్దమనుషులు మొదట చెప్పే మాట ఒకటుంది: "మంచి సంగతులు రాయండి బాబూ, పాత గొడవలు తవ్వకండి." అందరూ తలూపుతారు. అందుకే మన సావనీర్లన్నీ ఒకే ఊరివిలా ఉంటాయి. స్థలపురాణం, గుడి, దాతల ఫొటోలు. ఊరి పేరు మార్చి అచ్చేసినా ఎవరూ పట్టుకోలేరు.

చీరాలనే చూడండి. అసలు పేరు క్షీరపురి అంటూ మొదలెడతారు. మగ్గాల ఊరి పేరులో చీర కళ్లెదుటే కనబడుతుంటే నామోషీ కాబోలు, పాలు తెచ్చి పోశారు. తర్వాత చీరాల-పేరాల ఉద్యమం, దాని నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన వాలంటీర్ల దళం రామదండు. గర్వంగా రాస్తారు, రాయాల్సిందే. కానీ అదేమిటి? పన్ను గొడవ! రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి ఏటా 4 వేలున్న పన్ను సుమారు 40 వేలకు ఎగబాకింది. 1921లో 15 వేల జనంలో 13 వేల మంది ఇళ్లకు తాళాలేసి, మునిసిపల్ హద్దు అవతల పాకలు వేసుకుని 11 నెలలు గడిపారు. దుగ్గిరాల జైలుకెళ్లాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మునిసిపాలిటీ అలాగే నిలిచింది.

ఆ 11 నెలలూ మగ్గాలు ఎక్కడ ఆడాయి? నూలు అరువిచ్చింది ఎవరు? కదలకుండా ఊళ్లోనే ఉండిపోయినవాళ్లెవరు, తిరిగొచ్చినవాళ్లతో వాళ్లకు మళ్లీ మాటలు కలిశాయా? అడిగితే గొడవ. కాబట్టి నాయకుడి బొమ్మ వేసి పేజీ తిప్పేస్తారు.

పన్ను గొడవకు నూరేళ్లు నిండాయి కాబట్టి సరిపోయింది. 1985 మాటేమిటి? ఆ జూలై 17న పక్కనున్న కారంచేడులో, మంచినీళ్ల చెరువు దగ్గర రేగిన తగాదా ఆరుగురు మాదిగల హత్య దాకా పోయింది. బతికి బయటపడ్డ కుటుంబాలు పారిపోయి వచ్చింది చీరాలకే. ఇక్కడే శిబిరంలో తలదాచుకున్నారు. పన్ను కట్టబోమని ఊరు వదిలినవాళ్ల పాకల గురించి రాసే చేతికి, ప్రాణభయంతో ఊరు వదిలినవాళ్ల శిబిరం గురించి రాయడానికి వణుకెందుకు?

సామరస్యం చెడుతుందట. ఎవరిది? దెబ్బ తిన్నవాళ్లు ఎలాగూ మరిచిపోలేదు. మరిచిపోతే హాయిగా ఉండేది రెండోవైపు వాళ్లకే.

రెండు వందల ఏళ్ల కిందట కంపెనీ సర్వేయర్ మెకంజీ దొర కోసం, ఆయన సహాయకులైన కావలి సోదరుల మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, పోగేశారు. వాటిలోనూ పురాణాలకు కొదవలేదు, కరణం తన వైపు మొగ్గు చూపకుండానూ ఉండడు. అయినా ఇవాళ వాటిని ఎందుకు తిరగేస్తున్నాం? మాన్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, పొలిమేర ఎక్కడ అని. తగువే అక్కడ సాక్ష్యం.

మనకూ తగువుల కాగితాలున్నాయి. పన్ను రసీదులు, కోర్టు నకళ్లు, చేనేత సంఘాల పద్దులు. ఒకే సంఘటనను రెండు వీధులు రెండు రకాలుగా చెబితే రెండూ ఎదురెదురు పేజీల్లో వెయ్యండి, సర్దుబాటు చెయ్యకండి. దాతల ఫొటోలు కాస్త కుదించుకుంటే చోటు అదే దొరుకుతుంది. స్థలపురాణం చెప్పేవాడు ఎప్పుడైనా దొరుకుతాడు. కారంచేడు నుంచి ఆ రోజు పరుగెత్తి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకు మాత్రం ఇప్పుడు అరవై దాటాయి.