మేడారం మన ఇల్లు, మనమే అందులో చుట్టాలమా?

అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. పోస్టు పెద్దగనే ఉంటది.

మేము హనుమకొండల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకునే కోయ పిల్లలం. మా ఇండ్లల్ల కాలేజీ మొఖం చూసిన మొదటోళ్ళం మేమే. జాతర దగ్గరికొస్తున్నదంటే చాలు, క్లాసుల దోస్తులు మా చుట్టూ చేరుతరు. "మేడారం మీ ఊరి పక్కనేనంట గదా, పోతే ఏముంటది? ఎక్కడుండాలె? ఏ రోజు రావాలె? దర్శనం జల్ది అయ్యే దారి ఉందా?" అని అడుగుతరు. వాళ్ళను తప్పు పట్టడం లేదు. అమ్మల మీద నమ్మకంతోనే అడుగుతున్నరు. కానీ వాళ్ళు చూసొచ్చిన వీడియోలు మేము కూడా చూసినం. బస్సు ఎక్కడ దొరుకుతది, కారు ఎక్కడ పెట్టాలె, హెలికాప్టర్ టికెట్ ఎంత, ఇవన్నీ ఉంటయి. మేడారం ఎవరిది అన్న ముచ్చట మాత్రం ఒక్క వీడియోల లేదు.

2026 జనవరి 28 నుంచి 31 దాకా జాతర. అందుకే బయటోళ్ళ కంటే ముందు మనోళ్ళతోనే మాట్లాడాలనుకున్నం. ఎందుకంటే మన గ్రూపుల కూడా చాలామంది మేడారాన్ని ఆ వీడియోల కళ్ళతోనే చూస్తున్నరు.

మొదలు ఆ పేరు సంగతి. "తెలంగాణ కుంభమేళా", "గిరిజన కుంభమేళా" అని పేపర్ల, టీవీల, ఫ్లెక్సీల మీద రాస్తరు. మనోళ్ళు కూడా స్టేటస్‌లల్ల అదే పెడుతున్నరు, పెద్ద గౌరవం దక్కినట్టు. మన జాతరకు ఇంకొకరి జాతర పేరు పెడితే అది గౌరవం ఎట్లయితది? కుంభమేళాల గంగల మునిగేది పాపం పోవాలని. జంపన్న వాగుల మనం మునిగేది పాపం కడుక్కునేందుకు కాదు. అది సంపెంగ వాగు. కాకతీయుల సైన్యంతో కొట్లాడి సమ్మక్క కొడుకు జంపన్న ఆ నీళ్ళల్లనే పానం ఇడిచిండని, అప్పటినుంచే దానికి ఆ పేరొచ్చిందని మన పెద్దోళ్ళు చెప్తరు. కరువుల కప్పం కట్టలేమని చెప్పినందుకు వచ్చిన యుద్ధం అది. యుద్ధంల చచ్చిపోయిన మనోళ్ళను తలుచుకునే జాతర మనది. దాన్ని తీర్థస్నానం కింద కలిపేస్తే ఆ యుద్ధం ముచ్చటే లేకుండ పోతది. కప్పం అడిగిందెవరు, ఎదురు తిరిగిందెవరు అని రేపు ఎవరూ అడగరు.

(ఇంకో ముచ్చట. రేపు మా డిగ్రీ పట్టా మీద ఉండే పేరు కాకతీయ యూనివర్సిటీ. ఈ సంగతి మీద హాస్టల్ల రాత్రిపూట ఎన్నిసార్లు నవ్వుకున్నమో లెక్కలేదు.)

ఇగ పోతే ఏముంటదో మేమే చెప్తం. దోస్తులు అడిగితే మీరు కూడా ఇదే చెప్పండి.

జాతర నాలుగు రోజులదని అందరూ రాస్తరు గానీ అంతకంటే రెండు వారాల ముందే మొదలయితది. ముందు గుడిమెలిగె, మన గుళ్ళను కడిగి, అలికి, సుద్ది చేసుకునే పండుగ. తర్వాతి బుధవారం మండమెలిగె. ఆ రోజు ఊరి పొలిమేరల తోరణాలు కడుతరు. ఈ రెండు రోజులు అక్కడ జనం తక్కువ, కెమెరాలు ఇంకా తక్కువ. మనోళ్ళు ఉండాల్సిన రోజులు నిజానికి ఇవే.

జాతర మొదటి రోజు బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది. పూజారి అమ్మను తీసుకొని జంపన్న వాగుల నుంచే నడిచొస్తడు. పిల్లలు లేనోళ్ళు, రోగాలతో ఉన్నోళ్ళు తడిబట్టలతో ఆ దారిల బోర్ల పడుకుంటరు, పూజారి వాళ్ళ మీది నుంచి దాటిపోతడు. వరం పట్టడం అంటరు. అదే రోజు పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తరు. పగిడిద్దరాజును పెనక వంశపోళ్ళు అడవిల పడి నడుచుకుంటనే తెస్తరు. హెలికాప్టర్ల దిగేటోళ్ళ గురించి వీడియోలు వందల్ల ఉన్నయి. ఈ నడిచొచ్చేటోళ్ళ కాళ్ళ గురించి ఎన్ని ఉన్నయో వెతికి చూడండి.

రెండో రోజు గురువారం సమ్మక్క. చిలకలగుట్ట మీదికి వడ్డెలు మాత్రమే పోతరు. అక్కడేం చేస్తరో మనకు కూడా తెల్వదు, తెల్వాల్సిన పని కూడా లేదు. కుంకుమ భరిణె రూపంల అమ్మ గుట్ట దిగుతుంటే జిల్లా ఎస్పీ తుపాకీ తీసి గాల్లకు కాలుస్తడు. ఎదురుకోళ్ళు ఎగురుతయి, శివసత్తులు ఊగుతుంటరు, ఎక్కడ చూసినా పసుపే. ఒకప్పుడు రాజు సైన్యం ఎవరి మీదికొచ్చిందో ఆమెకు ఇయ్యాల సర్కారు తుపాకీ సలాం కొడుతది. ఆ ఒక్క చప్పుడు కోసం మాల్లో కొందరు రాత్రంతా నిలబడుతరు.

మూడో రోజు శుక్రవారం అందరూ గద్దెల మీదనే ఉంటరు. మొక్కులు, ఒడిబియ్యం, నిలువెత్తు బంగారం. బంగారం అంటే బెల్లం, ఇది తెల్వని దోస్తులు ఇంకా ఉన్నరు, నవ్వకుండ చెప్పండి. శనివారం అమ్మలు మళ్ళ అడవికి పోతరు.

గద్దెల మీద విగ్రహం ఉండదు. వెదురు కర్ర, కుంకుమ భరిణె, మట్టి, పసుపు. వేదమంత్రం ఉండదు. పూజ చేసేటోళ్ళు మన వడ్డెలే. కానీ బయట దుకాణంల కొనే ఫోటోల సమ్మక్క పులి మీద, సారలమ్మ జింక మీద కిరీటాలు పెట్టుకొని ఉంటరు. ఆ ఫోటో మన ఇండ్లల్లకు కూడా వచ్చింది, మా అమ్మలు దానికి దండం పెట్టుకుంటరు, వాళ్ళను మేమేం అనం. కానీ చదువుకున్న మనం జాతర పోస్టర్ చేసినప్పుడు కూడా గద్దె బొమ్మ పక్కనబెట్టి ఆ క్యాలెండర్ బొమ్మనే ఎందుకు పెడుతున్నం? 2022ల ఒక స్వామీజీ మన అమ్మల గురించి ఎప్పుడో తక్కువ చేసి మాట్లాడిన వీడియో బయటికొస్తే అందరం రోడ్డెక్కినం. మంచిగైంది. అట్లాంటి మాటకు దారి ఇచ్చేది ఈ బొమ్మలే అని మాత్రం ఎవరం అనుకోలేదు. దేవతల లిస్టుల ఒకసారి కలిపిన తర్వాత "ఈమె పెద్ద దేవతా, చిన్న దేవతా" అని కొలిచేటోళ్ళు రాక తప్పదు.

ఇప్పుడు డాన్సుల సంగతి. దీని గురించి రాయకుంటే మాకు నిద్రపట్టదు. ఎవరో పెద్ద సారు వస్తున్నరంటే హాస్టల్‌కు ఫోన్ వస్తది, "పది మంది పిల్లల్ని పంపండి, ట్రైబల్ డ్రెస్‌లల్ల." ఒకసారి ఒక కార్యక్రమంల మా జూనియర్లకు అట్టముక్కలు కత్తిరించి రంగేసిన కొమ్ములు ఇచ్చిన్రు. కొమ్ము కోయ ఆట ఆడేటోళ్ళ నెత్తి మీద ఉండేది అడవిదున్న కొమ్ము. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దాచుకునే వస్తువు. రెండు గంటలు ఎండల నిలబెట్టి, కారు రాంగనే ఆడమని, కారు పోంగనే ఆపమన్నరు. అన్నం ప్యాకెట్ ఇచ్చిన్రు, అది కూడా అందరికి సరిపోలేదు. ఆదిలాబాద్ గోండు అన్నలు ఇంకా ఎక్కువ బాధ పడుతున్నరు. గుస్సాడీ అంటే దీపావళి దండారి రోజులల్ల పట్టే దీక్ష. నెమలీకల టోపీ పెట్టుకున్నోడు ఆ దీక్ష అయ్యేదాకా స్నానం కూడా చెయ్యడు. దాన్ని ఎండకాలంల, వానకాలంల, ఎవరికి శాలువా కప్పుతున్నా ఆడాల్నంటే ఎట్లా? మర్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021ల పద్మశ్రీ ఇచ్చిన్రు, మనందరికి గర్వమే. ఆ పద్మశ్రీ ఇచ్చింది ఆటకు, ఆటను అద్దెకు తీసుకునే లైసెన్స్‌కు కాదు.

పోయేటోళ్ళు పోతరు, ఆ తర్వాత ఏముంటదో కూడా చెప్పాలె గదా. మేడారం, ఊరట్టం, కన్నెపల్లి, రెడ్డిగూడెం రైతులు జాతర ఏడాది యాసంగి పంట ఇడిచిపెడుతరు. వాళ్ళ పొలాల్లనే మీ గుడారాలు, మీ కార్లు, మీ కోళ్ళు, మీ యాటలు. జాతర అయినంక ఆ మడిల దిగితే కాలికి తగిలేది సీసాపెంకు. నాగలి పట్టేముందు వారం పది రోజులు ప్లాస్టిక్ ఏరుడే పని, ఇంట్ల ఆడోళ్ళే ఏరుతరు. ఆ వాసన, ఆ ఈగలు ఎట్లుంటయో ఆ వైపు పిల్లలు మా రూంల ఉన్నరు, వాళ్ళను అడగండి. జాతరల దుకాణం పెట్టుకొని సంపాదించుకపోయేది ఎవరో, చెత్త ఏరేది ఎవరో చూస్తే సంగతి అర్థమయితది. ఇది ఐదో షెడ్యూల్ ఏరియా, 1/70 చట్టం ఉన్న నేల. హుండీలు హనుమకొండకు తెచ్చి టీటీడీ కళ్యాణ మండపంల లెక్కపెడుతరు. మన హాస్టల్ నుంచి అక్కడికి ఆటోల పోవచ్చు.

దీనికి మీలో కొందరు ఏమంటరో మాకు తెలుసు. "సర్కారు రోడ్లేసింది, నీళ్ళిచ్చింది, ప్రపంచమంతా మన జాతర చూస్తున్నది, ఇంకేం కావాలె?" అంటరు. రోడ్లు మాకూ కావాలె. కానీ ఆ రోడ్డు జాతర కోసం పడ్డది. అదే ఏజెన్సీల రోడ్డు లేక నిండుచూలాలిని మంచానికి కట్టి మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్నయి. కోట్ల మంది వస్తరంటే వచ్చే రోడ్డు, వంద మంది కోసం రాదా? ఇంకో మాట కూడా అంటరు, "అమ్మలు అందరి అమ్మలు, మనదే అంటే ఎట్లా" అని. అందరి అమ్మలే. ఏ కులపోళ్ళు వచ్చినా, ఏ రాష్ట్రపోళ్ళు వచ్చినా గద్దెల కాడ మనం అడ్డం చెప్పింది లేదు, చెప్పం కూడా. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర నుంచి మన కోయ, గోండు చుట్టాలు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చినప్పటినుంచి కూడా ఇంతే. దండం అందరూ పెట్టుకోవచ్చు. ఇంటి పెత్తనం ఎవరి చేతుల ఉండాలె అన్నదే మేము అడుగుతున్నది.

దానికి జవాబు చట్టంలనే ఉంది. 1996ల రెండు పనులు జరిగినయి. ఆ ఏడు మేడారాన్ని రాష్ట్ర పండుగ చేసిన్రు. అదే ఏడు డిసెంబర్‌ల పార్లమెంటుల పెసా చట్టం వచ్చింది. మొదటిది అందరికి గుర్తుంది, ప్రతి జాతరకు ఫ్లెక్సీల మీద రాస్తరు. రెండోది ఎవరికి గుర్తులేదు. పెసా 4(డి) ఏం చెప్తదంటే, తమ సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉంది అని. అదే చట్టంల 4(ఎం) చూస్తే మత్తు పదార్థాలను కట్టడి చేసే అధికారం, ఊరి సంతల నిర్వహణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండేటట్టు చూడాలని ఉంది. సారా, బీరు దుకాణాల గురించి మేము వేరే రాయాల్సిన పనిలేదు, అది అక్కడనే ఉంది.

2025ల గద్దెల ప్రాంగణం విస్తరణ పనులు మొదలైనయి. మంచిగ కడుతున్నరా, చెడుగ కడుతున్నరా అని వాట్సప్‌ల కొట్టుకునే బదులు ఒక్క ప్రశ్న అడుగుదాం. గ్రామసభ రిజిస్టర్ల దీని గురించి తీర్మానం ఉందా? ఉంటే అందుల ఏం రాసిన్రు, ఎంతమంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నయి? దుకాణాల జాగలు ఎవరికి ఇయ్యాలె, పంట ఇడిచిన రైతుకు ఎంత ఇయ్యాలె, చెత్త ఎన్ని రోజుల్ల తియ్యాలె, ఇవి కూడా గ్రామసభల రాయించొచ్చు. మన అయ్యలకు, అవ్వలకు రాసుడు రాదు. సార్లు కాయితం తెచ్చి వేలిముద్ర పెట్టమంటే పెట్టిన తరం వాళ్ళది. మనకు చదువొచ్చింది. బీఏ, బీకాం, బీఎస్సీ చదివి వాలంటీర్ జాకెట్ ఏసుకొని తాడు పట్టుకొని వీఐపీలకు దారి చెయ్యడానికేనా మనం పోయేది? తాడు పట్టుకుంటే తప్పని కాదు, తప్పిపోయిన పిల్లల్ని అమ్మలకు అప్పజెప్పే పని చేసిన మన తమ్ముళ్ళకు దండం. కానీ అది ఒక్కటే మన పని అనుకోవద్దు.

ఇంకొకటి ఉంది, అది ఏ చట్టంతోని కాదు. డోలీ పెద్దలు పడిగె విప్పి కథ చెప్తరు. ఆ పెద్దోళ్ళు తక్కువైపోతున్నరు. సమ్మక్క కథ అంటే మనం సినిమా పాటల, యూట్యూబ్ల విన్నదే చెప్తున్నం, పడిగె మీద ఉన్నది చూసినోళ్ళు ఈ గ్రూపుల ఎంతమంది? ములుగుల అమ్మల పేరు మీదనే సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ వచ్చింది. రేపు అక్కడ ఎవరో పీహెచ్‌డీ చేసి మన కథ మనకే చెప్పేముందు, మన ఫోన్లల్లనే మన తాతల గొంతు పెట్టుకోవాలె. కోయ భాషలనే రికార్డు చెయ్యండి, తెలుగు తర్వాత రాసుకోవచ్చు. ముందు అడిగి, వాళ్ళు సరేనంటేనే రికార్డు చెయ్యాలె. చిలకలగుట్ట దిక్కు మాత్రం ఫోన్ తియ్యొద్దు, అది మన పిల్లలకు కూడా గట్టిగ చెప్పండి.

మా హాస్టల్ నుంచి పదకొండు మందిమి గుడిమెలిగెకు ముందు రోజే పోతున్నం. సెమిస్టర్ పరీక్షల డేటు ఎటుపోతదో చూసుకొని ఇంకొందరు మండమెలిగెకు వస్తరు. ఏటూరునాగారం, గోవిందరావుపేట, మంగపేట దిక్కు హాస్టళ్ళ వాళ్ళు కూడా కలిస్తే బాగుంటది. వంటసామాన్లు మనమే తెచ్చుకుందాం, ఊరోళ్ళ మీద పడొద్దు. తాడ్వాయి మండలం వైపు ఇల్లున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ నెల మీ ఊరి గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడిగి ఇక్కడ పెట్టండి. రిజిస్టర్ల జాతర గురించి ఏమన్న రాసుంటే ఆ పేజీ ఫోటో తీసి పెట్టండి. ఏమీ రాయకుండ ఖాళీగ ఉన్నా సరే, ఆ ఖాళీ పేజీ ఫోటోనే పెట్టండి.