పరిశోధనలో యంత్రసాహాయ్యము : సందేహమును దాచరాదు

భారతీయ భాషాశాఖలలో కృత్రిమమేధ ప్రవేశము ఇప్పటికే జరిగిపోయినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత విద్యార్థులు ఎవరి అనుమతికొరకును వేచియుండలేదు. వ్యాసమునకు ప్రణాళిక, హిందీ విమర్శకు తెలుగు సేత, తెలుగు పద్యమునకు ఆంగ్ల తాత్పర్యము, అన్నిటికిని యంత్రము నాశ్రయించుచున్నారు. సంస్థలు కొన్ని నిషేధించుచున్నవి. కొన్ని చూచియు చూడనట్లున్నవి. విద్యార్థి యంత్రమును వాడెనా యను విచారణ ఈ రెండింటికిని మూలము. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు: తనకు నిశ్చయము లేని స్థలమును ఆ యంత్రము పాఠకునికి చూపుచున్నదా, కప్పిపుచ్చుచున్నదా?

ఈ ప్రశ్నకు ఈ దేశములోనే లోగడ ఒక సమాధానము లభించినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆరంభమై, 1990వ దశకమున హైదరాబాదు విశ్వవిద్యాలయమున పెంపొందిన 'అనుసారక' యను యంత్రానువాద ప్రయత్నము పాణినీయ కారకసిద్ధాంతము నాధారముగా గొన్నది. 'అక్షర భారతి' యను సమష్టినామముతో వ్రాసిన ఆ బృందమువారు తెలుగు, కన్నడము మున్నగు భాషలనుండి హిందీకి సాధనములను నిర్మించిరి. భాషాసౌష్ఠవముకంటె మూలములోని సమాచారమును చెడకుండ అందించుట ముఖ్యమని వారి నిశ్చయము.

దీనికి తెలుగు ధాతుజవిశేషణము చక్కని నిదర్శనము. 'రాముడు తినిన పండు' అన్నప్పుడు పండు కర్మ. 'రాముడు తినిన చెంచా' అన్నప్పుడు చెంచా కరణము. 'రాముడు తినిన పళ్లెము' అన్నప్పుడు పళ్లెము అధికరణము. తెలుగున 'తినిన' అను రూపము మారదు. హిందీలో 'జో', 'జిస్‌సే', 'జిస్‌మేఁ' అని సంబంధమును తేల్చి చెప్పవలెను. అనుసారక ఆ తీర్పును తాను చేయక, 'జో' పై ఒక నక్షత్రపు గుర్తు నుంచి, నిర్ణయమును పాఠకునికి విడిచిపెట్టెను. ఆ హిందీ సహజముగా నుండదు. దానిని చదువుటకు కొంత శిక్షణ కావలెను. అయినను సందేహము ఎచ్చట నున్నదో కంటికి కనబడును.

నేటి భాషాయంత్రముల నడక దీనికి విపరీతము. అపారమైన పాఠరాశినుండి నేర్చిన పొందికనుబట్టి అవి తరువాతి మాటను ఎన్నుకొనును. కనుక వాక్యము సాఫీగా నుండును. తెలిసినదానిని, తెలియనిదానిని అవి ఒకే ధీమాతో పలుకగలవు. లేని పద్యమునకు స్కంధమును, సంఖ్యను చెప్పగలవు.

పాతగ్రంథముల ఛాయాచిత్రములనుండి అక్షరములను గ్రహించు సాధనములును నిర్దుష్టములు కావు. 'ఏఱు' అనగా నది. 'ఏరు' అనగా నాగలి. తమిళమున మొదటిదానికి 'ఆఱు', రెండవదానికి 'ఏర్' సోదరపదములు. యంత్రము శకటరేఫమును సాధురేఫముగా 'దిద్దినచో' రెండు పదములును ఒకటగును. ద్రావిడభాషల తారతమ్య పరిశీలనకు ఆధారమైన సాక్ష్యము చెరిగిపోవును. అరసున్న గతియు నిట్టిదే.

యంత్రమువలని మేలును కాదనుట న్యాయము కాదు. స్వరాష్ట్రమునకు వెలుపల నున్న తెలుగు శాఖలలో పుస్తకసంపద స్వల్పము. డిజిటల్ ప్రతులు ఆ దూరమును చాలవరకు తగ్గించినవి. తెలుగు రాని బెంగాలీ పరిశోధకునికి ఒక తెలుగు నవల స్థూలార్థము క్షణములో అందుట గొప్ప సౌకర్యమే. నక్షత్రపు గుర్తుల అనువాదము సామాన్యపాఠకునికి రుచింపదను ఆక్షేపణయు సత్యమే. కాని పరిశోధకుడు సామాన్యపాఠకుడు కాడు. నునుపైన వాక్యముకంటె సరియైన ఆధారము అతనికి అవసరము.

సంస్థల చేతిలోని కొలబద్ద ఈ పనికి చాలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన గ్రంథచౌర్య నివారణ నిబంధనలు పోలిక శాతమును కొలుచును: 10 శాతమువరకు శిక్ష లేదు, 60 శాతము మించిన సిద్ధాంతగ్రంథము విషయమున పరిశోధకుని నమోదు రద్దగును. యంత్రము అప్పటికప్పుడు అల్లిన వాక్యమునకు ఎచ్చటను పోలిక దొరకకపోవచ్చును. అది అసత్యమైనను ఈ పరీక్షలో నిరాటంకముగా నెగ్గును.

కావున శాఖలు మూడు నియమముల నవలంబించుట మంచిది. యంత్రము గ్రహించిన ప్రతి ఉదాహరణమునకు మూలపత్రపు ఛాయాచిత్రమును జతపరుపవలెను. యంత్రానువాదము వాడినచోట మూలవాక్యమును ప్రక్కన నిలిపి, సందిగ్ధస్థలములను అధోజ్ఞాపికలో తెలుపవలెను. మౌఖికపరీక్షలో పరీక్షకుడు సిద్ధాంతగ్రంథమునుండి ఐదారు స్థలములను ఎన్ని, వాని మూలమును చూపుమని అడుగవలెను. సంస్థ క్రొత్త సాధనమును కొనునపుడు, అది ప్రత్యామ్నాయ పాఠములను చూపునా, ప్రాచీన వర్ణక్రమమును నిలుపునా యని మొదట విచారింపవలెను.

ఇవి క్రొత్త నియమములు కావు. తాళపత్రప్రతులను సరిచూచిన పరిష్కర్తలు తాము స్వీకరించిన పాఠమును పైన, విడిచిన పాఠాంతరములను క్రింద ముద్రించిరి. తమ నిర్ణయము తప్పయినచో తరువాతివారు దిద్దుకొనుటకు అందువలన అవకాశము నిలిచినది. యంత్రము ఆ అవకాశమును మిగుల్పనప్పుడు దానిని కల్పించు భారము విద్యార్థిది. ఆ పని నేర్పు భారము శాఖది.