అజ్ఞానము రక్ష కాదు

వికలాంగులైన బిడ్డలకు దేహధర్మములను గూర్చి చెప్పరాదనియు, చెప్పినచో లేని తలపులు పుట్టుననియు మన యిండ్లలో నొక గట్టి నమ్మకము పాతుకొని యున్నది. చూపు లేని పిల్లకు, వినికిడి లేని పిల్లవానికి, బుద్ధివికాసము మందగించిన బిడ్డకు ఆ యూసు ఎందుకని తల్లిదండ్రులు తలంచుచున్నారు. ఈ తలంపు వాత్సల్యమునుండి పుట్టినదే. కాని దాని ఫలము మాత్రము వాత్సల్యమునకు విరుద్ధముగా పరిణమించుచున్నది. బిడ్డకు తెలియనంత మాత్రమున దుర్మార్గుని చేయి ఆగదు. పైపెచ్చు ఆ తెలియమియే వానికి తోడ్పడుచున్నది.

2021 ఏప్రిలు 27వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము వెలువరించిన యొక తీర్పును తెలుగువారు మరువరాదు. ఏమన, ఆ వ్యవహారము ఆంధ్రప్రదేశమునందలిదే. పుట్టుకతో చూపు లేని షెడ్యూల్డు కులపు యువతిపై 2011వ సంవత్సరమున ఆమె యింటిలోనే అత్యాచారము జరిగెను. చేసినవాడు ఎక్కడినుండియో వచ్చిన అపరిచితుడు కాడు. ఆమె సోదరుల నెరిగినవాడు. ఆ యువతి వానిని కంఠస్వరమును బట్టి గుర్తుపట్టెను. వికలాంగులు లోకమును వేరొక తీరున గ్రహింతురనియు, అంతమాత్రముచే వారి సాక్ష్యము బలహీనమని తలపరాదనియు ధర్మాసనము స్పష్టపరచెను. యావజ్జీవ శిక్షయు స్థిరపడెను. అంతటితో నిలువక, వికలాంగ స్త్రీలకు వారి హక్కులను వారు గ్రహింపగల రూపమున తెలియజేయవలెననియు, పోలీసులకును న్యాయాధికారులకును తగిన శిక్షణ నీయవలెననియు ఆ తీర్పు సూచించినది.

ఆ యువతి మాటాడగలిగినది. తనకు జరిగినది నేరమని ఎరిగినది. నమ్మువారు ఆమెకు దొరకిరి. ఈ మూడింటిలో నేది లోపించినను ఆ వ్యవహారము న్యాయస్థానము గడప త్రొక్కి యుండెడిది కాదు. మాట లేనివారి గతి యేమి? తమకు జరిగినదానికి పేరైనను తెలియనివారి గతి యేమి? 2011 నాటి జనాభా లెక్కలలోనే దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు నమోదైరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వారి సంఖ్య 22 లక్షలకు పైబడినది. వీరిలో ఎందరికి తమ దేహమును గూర్చి ఎవరైనను నాలుగు మాటలు చెప్పి యుందురు?

శాసనములు లేవని మనము సాకు చెప్పుటకు వీలులేదు. 2012 నాటి పోక్సో చట్టము, బిడ్డ వైకల్యమును అదనుగా గొని చేయు అత్యాచారమును మరింత తీవ్రమైన నేరముగా పరిగణించినది. 2013లో జరిగిన శిక్షాస్మృతి సవరణలు, వికలాంగురాలు ఫిర్యాదు చేయునపుడు పోలీసు అధికారియే ఆమె యింటికి గాని, ఆమె కోరిన చోటికి గాని పోయి, దుబాసీ లేక ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షమున వ్రాసికొనవలెనని విధించినవి. 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన క్రొత్త సంహితలును ఈ యేర్పాటును నిలిపినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, హింస జరుగుచున్నదని యెరిగిన వారెవరైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. చట్టము ద్వారము తెరచినది. కాని ఆ ద్వారము వరకు నడచుటకు బాధితులకు మాట కావలెను. ఆ మాటను నేర్పవలసిన యిల్లును, బడియు మాత్రము ఊరకున్నవి.

వికలాంగులకు ఆపద ఎక్కువ యగుటకు కారణములు కనులయెదుటనే యున్నవి. స్నానమునకు, వస్త్రధారణమునకు, మరుగుదొడ్డికి పరుల చేతిపై ఆధారపడు బిడ్డ దేహమును అనేకులు తాకుచుందురు. ఏ స్పర్శ సేవయో, ఏ స్పర్శ ద్రోహమో విడమరచి చెప్పువారుండరు. పెద్దలు చెప్పినట్లు వినుటయే మంచి లక్షణమని ఆ బిడ్డలకు మరింత పట్టుదలతో నేర్పుదుము. కాదను హక్కును మాత్రము నేర్పము. పలు కుటుంబములలో చెవిటి బిడ్డ చేసెడి సంజ్ఞల భాష తల్లిదండ్రులకే రాదు. అన్నము, నీరు, బడి అను వానికి సైగలుండును. గుహ్యాంగములకును, భయమునకును సైగలుండవు. ఇక బుద్ధిమాంద్యము గల బిడ్డ ఏదైన చెప్పినచో, దానికేమి తెలియునని త్రోసివేయుదుము. ఇట్టి బిడ్డను ఎన్నుకొనువాడు ఇవన్నియు లెక్కించుకొనియే వచ్చుచున్నాడు.

బోధింపక, మరొక దారిని రక్షింపజూచిన చరిత్రయు మనకు లేకపోలేదు. 1994లో మహారాష్ట్రమున, శిరూరు నందలి ప్రభుత్వ వసతి గృహములోని బుద్ధిమాంద్యము గల బాలికలకు పూనాలో గర్భసంచులను తొలగించిరి. ఋతుకాలమున శుభ్రత పాటింపలేరనుట అందులకు చెప్పిన కారణము. దేశమంతటను ఆక్షేపణ చెలరేగెను. గర్భసంచి తీసినచో ఋతుస్రావము నిలుచును, గర్భమును కలుగదు. అత్యాచారము మాత్రము నిలువదు. దాని జాడ యొక్కటియే చెరగిపోవును. అది బాలికకు రక్షయా, దుష్టునకు రక్షయా పాఠకులే నిర్ణయింతురు గాక.

2009లో చండీగఢు ప్రభుత్వ సంరక్షణాలయమున స్వల్ప బుద్ధిమాంద్యము గల యువతి అత్యాచారమునకు గురియై గర్భవతి యయ్యెను. ఆమె బిడ్డను కనదలచెను. ఆమె సమ్మతి లేకయే గర్భస్రావము చేయించుటకు క్రింది న్యాయస్థానము ఉత్తరువు చేయగా సర్వోన్నత న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చెను. ఈ రెండు ఉదంతములును చాటునది యొక్కటే: రక్షణ పేరిట వ్యక్తి ఇచ్ఛను కాలరాచుట రక్షణ కాదు, నాలుగు గోడల నడుమ నుంచుటయు చాలిన కాపుదల కాదు.

అయినచో నేర్పవలసినదేమి? లైంగిక విద్య యనగానే కొందరు ఉలికిపడుచున్నారు. అందు భయపడదగినదేమియు లేదు. దేహాంగములకు సరియైన పేర్లు. స్నానము చేయించువారు, వైద్యులు మున్నగువారు ఎందుకై, ఎంతవరకు తాకవచ్చునో ఆ హద్దు. తాకుటకు ముందు అడుగుట మర్యాద యను ఎరుక. వద్దని చెప్పు ధైర్యము. ఎవరికిని చెప్పకుమను రహస్యమును తప్పక చెప్పవలెనను నియమము. చెప్పుటకు నమ్మదగిన యిద్దరు ముగ్గురు మనుష్యులు. ఋతుధర్మమును గూర్చి ఆ దినము రాకపూర్వమే బాలికకు తెలుపవలెను. తన దేహమున వచ్చు మార్పులను, ఏకాంతమున చేయదగినదానికిని నలుగురిలో చేయరానిదానికిని గల భేదమును, ఇతరుల సమ్మతి విలువను బాలునికి తెలుపవలెను. బాలురును అత్యాచారములకు గురియగుచున్నారన్న సత్యమును మరువరాదు.

ఈ బోధ ఒక్క తీరుగా సాగదు. చూపు లేనివారికి బొమ్మను తడిమించి, బ్రెయిలీ లిపిలో పాఠమిచ్చి నేర్పవలెను. వినికిడి లేనివారికి భారతీయ సంజ్ఞా భాషలో నేర్పవలెను. బుద్ధివికాసము మందగించినవారికి చిత్రములతో, చిన్న చిన్న వాక్యములతో, పలుమారులు చెప్పి, చేయించి చూపవలెను. 1984లో నెలకొన్న జాతీయ సంస్థ సికింద్రాబాదున నున్నది. బుద్ధిమాంద్యము గల బిడ్డలకై ఉపాధ్యాయులను తయారుచేయుచున్నది. రెండు తెలుగు రాష్ట్రములందును భవిత కేంద్రములున్నవి. పిల్లల భద్రతకై వయస్సునకు తగిన పాఠ్యక్రమమును సిద్ధపరచవలెనని 2020 నాటి పోక్సో నియమములు ప్రభుత్వములను ఆదేశించినవి. కావున చక్కని తెలుగులో, పైజెప్పిన రూపములన్నిటను పాఠములు సిద్ధపరచి, ప్రతి ప్రత్యేక పాఠశాలకును, ప్రతి వసతి గృహమునకును, ముఖ్యముగా తల్లిదండ్రులకును అందజేయుట రెండు ప్రభుత్వములకును అసాధ్యము కాదు. వసతి గృహములలో ఉద్యోగులను నియమించునపుడు వారి పూర్వవృత్తమును పరిశీలించుటయు, బిడ్డలు ఉద్యోగుల కంటబడకుండ ఫిర్యాదు చేసికొను మార్గముండుటయు అత్యవసరములు.

ఇట్టి జ్ఞానము కోర్కెలను రేపునని వాదించువారికి మా సమాధానమొక్కటే. యౌవనము గ్రంథములు చదివి రాదు. వైకల్యమును చూచి వెనుదిరుగదు. వికలాంగులును ప్రేమింతురు, వివాహమాడుదురు, బిడ్డలను కందురు. 2007లో మన దేశము ధ్రువపరచిన అంతర్జాతీయ ఒడంబడిక, లైంగికారోగ్యమునకు సంబంధించిన సేవలు ఇతరులతో సమానముగా వారికిని అందవలెనని చెప్పుచున్నది. ద్రోహమును గుర్తెరుగుట నేర్పు విద్యయే నిజమైన అనురాగమును గుర్తెరుగుటయు నేర్పును. భయమును మాత్రమే నేర్పినచో అది సగము చదువే యగును.

బడిలో పాఠము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. నేటి సాయంకాలమే తల్లి తన బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని, ఈ దేహము నీది, నీకు భయము కలిగించునట్లు ఎవరు తాకినను నాకు చెప్పుము, నేను నమ్ముదును అని మాటతోనో, సైగతోనో, బొమ్మతోనో తెలుపవచ్చును. ఆ బిడ్డ చెప్పిననాడు పరువునకు వెరచి దాచిపెట్టక, 1098 సంఖ్యకో, పోలీసులకో తెలుపుట పెద్దల విధి. కుటుంబపు పరువు బిడ్డ మౌనమున లేదు. బిడ్డ చెప్పగలుగుటలో నున్నది. విన్న పెద్దలు నిలువబడుటలో నున్నది.