పిల్లల్ని గెలిపించకండి, రాళ్లివ్వండి

పిల్లలతో ఆడుతూ కావాలని ఓడిపోయే పెద్దవాళ్లంటే నాకు ఒళ్లు మంట. "పోనీలే, చిన్నపిల్లాడు, ఏడుస్తాడు" అంటారు. ఈ రోజు ఏడవకుండా చూశారు, సరే. రేపు స్కూల్లో ర్యాంకు తగ్గితే? అక్కడ వాడి కోసం కావాలని ఓడిపోయేవాళ్లు ఎవరుంటారు? పైగా పిల్లలేం అమాయకులు కారు. తాతయ్య కావాలనే తప్పు ఎత్తు వేశాడని ఇట్టే కనిపెట్టేస్తారు.

ఈ మాటంటే, "మరి ఎనిమిదేళ్ల పిల్లని చిత్తుగా ఓడించమంటారా?" అని అడుగుతారు. అక్కర్లేదండీ. గో ఆటలో దీనికి మంచి దారి ఉంది. చైనాలో పుట్టిన ఆట ఇది. అక్కడ వేయిచీ అంటారు, కొరియాలో బాదుక్, జపాన్‌లో ఇగో. మన పులి-మేకలో మేకలు పులిని కట్టేసినట్టే ఇందులోనూ ఎదుటివాళ్ల రాళ్లని చుట్టుముట్టి పట్టుకోవచ్చు. కాకపోతే ఒకసారి పెట్టిన రాయిని జరపకూడదు. చివరికి ఎక్కువ చోటు ఎవరు చుట్టుకుంటే వాళ్లదే గెలుపు.

ఇద్దరిలో ఒకరికి ఆట బాగా వచ్చనుకోండి. రెండోవాళ్లు నల్లరాళ్లు తీసుకుని, ఆట మొదలవకముందే రెండు నుంచి తొమ్మిది దాకా రాళ్లు బోర్డు మీద పెట్టుకుంటారు. ఎన్ని అన్నది ఇద్దరి మధ్య తేడాని బట్టి. ఆ తర్వాత దయాదాక్షిణ్యాలు లేవు, ఇద్దరూ గట్టిగా ఆడాల్సిందే. పిల్ల గెలిస్తే నిజంగా గెలిచినట్టే. వరసగా గెలుస్తుంటే ఒక రాయి తగ్గించండి. అంతకంటే మంచి ప్రోగ్రెస్ కార్డు ఏముంటుంది?

ఓడితే? ఓడనివ్వండి. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి మళ్లీ మొదటినుంచి రాళ్లు పెట్టుకుంటూ, ఎక్కడ దెబ్బతిన్నామో చూసుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. 2016లో సియోల్‌లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ఐదు ఆటల పోటీలో లీ సెడోల్ మొదటి మూడూ ఓడిపోయాడు. పోటీ అప్పటికే చేజారింది. అయినా కూర్చుని నాలుగోది గెలిచాడు. ఆ ఒక్క గెలుపుని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇది చదివి "మెదడు చురుకవుతుందట, కోచింగ్‌లో చేర్పిద్దాం" అని మాత్రం పరుగెత్తకండి. మీరే నేర్చుకోండి. అసలు బోర్డుకి అడ్డం 19, నిలువు 19 గీతలుంటాయి. మొదట్లోనే దాని జోలికి వద్దు. కాగితం మీద తొమ్మిదేసి గీతలు గీయండి. నల్లరాళ్లకి చింతపిక్కలు, తెల్లరాళ్లకి కాబూలీ శనగలు. గళ్లలో కాదు, గీతలు కలిసేచోట పెట్టాలి. చిన్న బోర్డు కాబట్టి రెండు మూడు రాళ్లిచ్చి మొదలుపెట్టండి.

కొన్నాళ్లకి పిల్లలు మిమ్మల్ని దాటిపోవచ్చు. అప్పుడు రాళ్లు తీసుకోవాల్సింది మీరు. మొహమాటపడకుండా తీసుకోండి. "అమ్మకేం రాదు" అని వెక్కిరించకుండా, అమ్మకి రెండు రాళ్లిచ్చి ఎదురుగా కూర్చుని ఆడటం ఏ కోచింగ్‌లో నేర్పుతారో చెప్పండి!