ఖాళీ గడి తప్పు కాదు

"ఫారంలో నాలుగు గడులు కంప్యూటరే నింపేస్తే పని తొందరగా తెములుతుంది, తప్పుంటే తరవాత దిద్దుకోవచ్చు." డేటాబేస్‌లు కట్టేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటాం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం మాత్రం ఒట్టి బుకాయింపు.

ఖరగ్‌పూర్‌నే తీసుకోండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర వాళ్లు బతుకుదెరువుకు వెళ్లి స్థిరపడ్డ ఊరు అది. మథురాకాటి వైపు వెళ్తే తెలుగు వినపడుతుంది. అక్కడ ఒక బడి అడ్మిషన్లకు ఎవరో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో టేబుల్ కట్టారనుకుందాం. 'మాతృభాష' గడికి డిఫాల్ట్ వాల్యూ 'బెంగాలీ'. ఊళ్లో ఎక్కువమంది వాళ్లే కదా, ఒక్కో పేరుకు నాలుగు కీలు మిగులుతాయని కట్టినవాడి లెక్క. కిటికీ ముందు వరస, లోపల ఆపరేటర్ వేలు ట్యాబ్ మీద. కర్సర్ ఆ గడి మీదుగా జారిపోతుంది. తెలుగు పిల్ల బెంగాలీ అయిపోతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

సరే, దిద్దండి. ఎలా దిద్దుతారు? నోటితో చెప్పగా రాసిన 'బెంగాలీ' ఏదో, ట్యాబ్ నొక్కితే మిగిలిపోయిన 'బెంగాలీ' ఏదో విడదీసే క్వెరీ ఈ లోకంలో లేదు. అదే గడి ఖాళీగా ఉంటే 'ఈజ్ నల్' అని ఒక్క షరతు పెట్టగానే అడగాల్సిన పిల్లలందరూ వరసగా బయటపడతారు. ఒప్పులా కనిపించే తప్పును వెతకడమే కుదరనప్పుడు, దిద్దుకోవడమన్న మాటకు అర్థమేముంది?

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది, ఆ కోరిక వెనక ఉన్నది ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే. తక్కువమంది మాట్లాడే భాషకు టీచరు కావాలన్నా, పుస్తకాలు కావాలన్నా ముందు అడిగేది తలల లెక్క. ఆ లెక్క పుట్టేది ఇలాంటి గడుల్లోనే.

ఇంటిపేరుది ఇంకో బాధ. మనకు ఇంటిపేరు ముందు, బెంగాలీలకు చివర. 'చింతాడ సూర్యనారాయణ' అని తండ్రి పేరు కొట్టగానే చివరి ముక్కను తీసుకెళ్లి కొడుకు ఇంటిపేరు గడిలో పడేసే ఫారాలున్నాయి. చింతాడ వారి కుర్రాడు 'సూర్యనారాయణ' వారి వాడైపోతాడు. (తాతగారు వింటే ఏమనేవారో!)

"అదంతా ఆపరేటర్ల అజాగ్రత్త" అంటారు ఇంకొందరు. జన్యుశాస్త్రవేత్తలదీ అజాగ్రత్తేనా? సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో మనుషులే దిగొచ్చి ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు. ఆ మార్పిడిని ఆపుకునే మీటను మైక్రోసాఫ్ట్ 2023లో గానీ ఇవ్వలేదు.

పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సంగతీ అంతే. టేబుల్‌లో మొదటి టైమ్‌స్టాంప్ గడికి మనమేమీ చెప్పకపోతే, ఆ వరసలో ఏది మార్చినా అక్కడ అప్పటి సమయం పడేది. పిల్లాడి ఫోన్ నంబరు సరిచేస్తే చేరిన తేదీ ఎగిరిపోయేది. 8.0 వెర్షన్‌లో గానీ ఆ అలవాటు మారలేదు. యాక్సెస్‌లో అంకెల గడి పెడితే డిఫాల్ట్‌గా సున్నా వచ్చి కూర్చుంటుంది. మార్కులు ఇంకా వేయని పిల్లాడూ సున్నా వచ్చిన పిల్లాడూ అక్కడ ఒక్కటే. వీటిలో ఆపరేటర్ చేసిన పాపమేమిటి?

వరస సంఖ్య, నమోదు చేసిన సమయం యంత్రం వేసుకోనీండి, వాటికి సాక్షి అదే. మనిషిని అడిగి తెలుసుకోవాల్సిన గడికి మాత్రం టేబుల్ డిజైన్‌లోకి వెళ్లి డిఫాల్ట్ వాల్యూ చెరిపేయండి. ఫారంలోని గడికి విడిగా పెట్టిన డిఫాల్ట్ ఉంటే అదీ తీసేయండి, టేబుల్‌లో తీసినా అది పోదు. ఖాళీని ఒప్పుకోనని ఫారం మొండికేసేలా కట్టినా లాభం లేదు, విసిగిన ఆపరేటర్ జాబితాలో మొదటిదే నొక్కుతాడు. 'చెప్పలేదు' అన్నది కూడా జాబితాలో ఉండాలి, అది కూడా ఆపరేటర్ ఎంచుకుంటేనే పడాలి.