ఆయుష్షు పెరిగింది, పెన్షన్ ఏది?



ఈ మధ్య నడివయసు వారికి హితబోధలు ఎక్కువయ్యాయి. నలభై ఐదు దాటాక కొత్త విద్య నేర్చుకోవాలట, ఎనభై ఏళ్ల బతుక్కి ఇప్పుడే ప్రణాళిక వేసుకోవాలట. మాట మంచిదే. కానీ రాత్రంతా రింగ్ ఫ్రేముల మధ్య నడిచి ఇల్లు చేరినవాడు ఏ పూట నేర్చుకోవాలి? బళ్లారి జీన్స్ షెడ్డులో పీసు లెక్కన కుట్టే చెల్లెలు ఏ కూలి మిగిల్చి దాచుకోవాలి?

ఆయుష్షు పెరిగిన మాట నిజమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70కి చేరింది. అరవై నిండినవారు సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నారు. కానీ బ్లో రూములో, కార్డింగులో, జిన్నింగులో పత్తి దుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తుల మాటేమిటి? ఆ జబ్బు పేరు బిసినోసిస్. చట్టమే దాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. ముందు దుమ్ము ఆపండి, తర్వాత దీర్ఘాయుష్షు గురించి చెప్పండి.

1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం మొదట వర్తించిన ఆరు పరిశ్రమల్లో బట్టల పరిశ్రమ ఒకటి. 1995 నవంబరులో పెన్షన్ పథకం వచ్చింది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం దానికి పోతుంది. అది ఎవరి దానమూ కాదు, మన శ్రమ ఫలితం. 15,000 జీతం మీద నెలకు 1,250 రూపాయలు పోతుంటే, 2014లో నిర్ణయించిన కనీస పెన్షన్ 1,000! తర్వాత పదేళ్లు గడిచినా ఆ అంకె కదలలేదు. కరువు భత్యం లేదు. బియ్యం ధర పెరుగుతుంది, మందుల ధర పెరుగుతుంది, పెన్షన్ మాత్రం పెరగదు. ముసలితనానికి ప్రణాళిక లేనిది మనకా, సర్కారుకా?

అయితే చేతిలో ఉన్న హక్కును మనమూ జారవిడవకూడదు. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే పెన్షన్. ఆదోనిలో నాలుగేళ్లు, బళ్లారిలో ఎనిమిదేళ్లు చేసినవారి సంగతి చూడండి. మిల్లు మారినప్పుడు పాత పెన్షన్ డబ్బు తీసేసుకుంటే మిగిలేది ఎనిమిదేళ్లే, నెలనెలా పెన్షన్ సున్నా. రెండూ కలిపితే పన్నెండేళ్లు. 14,000 జీతం మీద నెలకు 2,400 వస్తుంది.

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. సరిహద్దు మారినా పీఎఫ్ కేంద్ర చట్టం కింద ఉంది. అటు చేసిన సర్వీసు ఇటు చెల్లుతుంది. కాబట్టి పెళ్లికనీ, అప్పుకనీ పెన్షన్ డబ్బు తీయకండి. ఒకే యూఏఎన్ నంబరు ఉంచుకోండి, పాత ఖాతా బదిలీ చేయించుకోండి. పుట్టిన తేదీ, పేరు సరిగా ఉన్నాయో లేదో నలభైల్లోనే చూసుకోండి. యాభైకే పెన్షన్ తీసుకోవచ్చని ఆశపడకండి. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం కోత పడుతుంది. ఫారాలు కన్నడంలో, ఇంగ్లీషులో ఉన్నాయని వెనకాడవద్దు. యూనియన్ ఆఫీసుకు రండి, కూర్చుని నింపిస్తాం.

ఇక యజమానులకు మా మాట. 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలని, ఒకే కప్పు కింద రెండు బోర్డులు తగిలించేవారున్నారు. ఆ ఎత్తు మాకు తెలియనిది కాదు. మా డిమాండ్లు ఇవి:

కాంట్రాక్టు కార్మికులకు మొదటి రోజు నుంచే పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి.

యాభై దాటినవారిని కూలి తగ్గించకుండా రాత్రి షిఫ్టు నుంచి, దుమ్ము పని నుంచి మార్చాలి.

మెషిన్ రిపేరు వంటి పనులు నేర్పాలంటే డ్యూటీ గంటల్లోనే, జీతంతో నేర్పాలి.

పెన్షనర్లు అడుగుతున్న 7,500 రూపాయల కనీస పెన్షన్, కరువు భత్యం ఇవ్వాలి.

ముప్పై ఏళ్లు నూలు వడికిన చేతులు చివరికి బిడ్డల ముందు చాపే గతి రాకూడదు. పాస్‌బుక్కు తీసుకుని రండి, పక్క మిషను వారినీ వెంటబెట్టుకుని రండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!